అడిరె అద్దకం ఆడవాళ్ళకి బతుకుతెరువు అవుతుందా? శిక్షణ కంటే ముందు బట్ట సంగతి చూడండి

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను. మీది చీరాల దగ్గర నేత కుటుంబం, ఇప్పుడు నైజీరియాలోని లాగోస్‌లో ఉంటున్నారు, ఆ దేశంలోనే ఉన్న అబియోకుటా ఊరికి వెళ్ళి అక్కడి నీలి అడిరె బట్టలు, అంటే ముడులు గానీ కుట్లు గానీ గంజి గానీ పెట్టి బొమ్మ ఉన్న చోట రంగు అంటకుండా చేసి అద్దినవి, చూసి వచ్చారు. కొంతమంది స్నేహితురాళ్ళతో కలిసి అక్కడి ఆడవాళ్ళకి సహజ రంగులతో అద్దకం నేర్పే కేంద్రం పెడదామనుకుంటున్నారు. అది వాళ్ళకి నిలకడగా సంపాదన ఇస్తుందా, ఆ పనికి చీరాల బట్ట తెప్పించుకోవచ్చా అని అడిగారు. నేను రంగుల రసాయనం చదువుకున్నదాన్ని. నైజీరియాలో, ఆ తర్వాత మాలీలో, అద్దకం చేసే ఆడవాళ్ళ మధ్య చాలాకాలం పనిచేశాను. తెలిసినంతలో చెప్తాను.

అద్దకం అక్కడ బతుకుతెరువేనండి, అందులో అనుమానం పెట్టుకోకండి. దాని మీదే పిల్లల్ని చదివించి ఇళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళని చూశాను, పొద్దుటినుంచి సాయంత్రం దాకా రంగులో చేతులు పెట్టి ఆ పూట ఖర్చులకే సంపాదించే వాళ్ళనీ చూశాను. ఈ ఇద్దరికీ పనితనంలో తేడా చాలాసార్లు ఏమీ ఉండదు. తేడా అంతా తెల్లబట్ట ఎవరి డబ్బుతో కొన్నారన్న దగ్గర ఉంటుంది. అందుకే కేంద్రం పెట్టి నేర్పడం అన్న ఆలోచన దగ్గరే ఆగి ఒకసారి చూడమంటున్నాను. నేర్పేవాళ్ళు అబియోకుటాలోనే కావలసినంతమంది ఉన్నారు, మనం వెళ్ళి నేర్పాల్సిన అవసరం ఆ ఊరికి లేదు.

ముందు పని ఎలా నడుస్తుందో చూడండి, డబ్బు ఎక్కడ కారిపోతుందో అప్పుడు తెలుస్తుంది. అబియోకుటా చుట్టుపక్కల, నైరుతి నైజీరియాలో ఉండే యోరుబా జాతి వాళ్ళలో అద్దకం ఆడవాళ్ళ పని. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వస్తుంది, ఆడవాళ్ళ చేతిపనులని కాపాడే దేవతగా ఇయా మాపోని కొలిచేవాళ్ళు. ఉత్తరాన కానోలో హౌసా వాళ్ళ దగ్గర ఇదే నీలిమందు పని మగవాళ్ళది. 1498లో మొదలైనవని చెప్పే కోఫర్ మాతా అద్దకపు గుంటల దగ్గర ఇప్పటికీ మగవాళ్ళే కనిపిస్తారు. కాబట్టి ఆఫ్రికా అద్దకం అంటే ఆడవాళ్ళే అని మీ ప్రణాళికలో ఎక్కడా రాయకండి, ఊరిని బట్టి, జాతిని బట్టి మారుతుంది.

అడిరెలో ముఖ్యంగా మూడు రకాలు. రాఫియా నారతో ముడులు వేసి అద్దేది ఒనికో. సూదితో కుట్లు వేసి, అద్దాక ఆ దారం విప్పేసేది అలాబెరె. కర్రపెండలం పిండిని ఉడికించి, అందులో పటిక గానీ మైలుతుత్తం గానీ కలిపి, ఆ గంజితో బొమ్మలు వేసి అద్దేది ఎలెకో. ఎలెకోలో ఆడవాళ్ళు కోడి ఈకతోనో తాటిజాతి ఆకు ఈనెతోనో చేత్తోనే గీస్తారు, ఇబాదాన్ దీనికి పేరుపడ్డ ఊరు. అబియోకుటాలో రేకు కత్తిరించి అచ్చుగా చేసి, దాని మీదుగా గంజి తోసే పద్ధతి వచ్చింది. ఆ రేకు కత్తిరించడం, అచ్చు వేయడం మగవాళ్ళ చేతిలోకి వెళ్ళింది, కుట్టుమిషన్ వచ్చాక మిషన్ కుట్టు కూడా అంతే. రంగులో ముంచే బరువు పని మాత్రం ఆడవాళ్ళకే మిగిలింది. పనిముట్టు వచ్చిన చోట మగవాళ్ళు చేరిపోయారన్న సంగతి మీరు కేంద్రం గురించి ఆలోచించేటప్పుడు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే రేపు మీరు ఏదైనా యంత్రం కొనిస్తే దాన్ని ఎవరు నడుపుతారో ముందే తేల్చుకోవాలి.

ఇక పాతకాలం నీలి అద్దకం. ఎలు అనే తీగ లేత ఆకుల్ని రోట్లో దంచి, ఉండలు చేసి ఎండబెడతారు. మన నీలి మొక్కకి ఇది దూరపు చుట్టం, రెండూ చిక్కుడు కుటుంబానివే. కట్టెల బూడిద, కోకో కాయల తొక్కల బూడిద చిల్లుల కుండలో వేసి, పైనుంచి నీళ్ళు పోసి, కింద కారిన క్షారపు నీళ్ళు పట్టుకుంటారు. ఆ నీళ్ళలో ఉండలు వేసి వారం దాకా పులియబెడితే అప్పుడు బాన సిద్ధం. బట్టని ముంచి తీసి గాలికి ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం, ముదురు నీలం రావాలంటే ఇది ఎన్నోసార్లు జరగాలి. బయటికి తీసినప్పుడు పచ్చగా ఉన్న బట్ట గాలి తగిలి నీలంగా మారుతుంది. ఒక స్త్రీ కట్టుకునే బట్ట కావాలంటే రెండున్నర గజాల ముక్కలు రెండు కలిపి కుట్టాలి. ఆ రెండిటి మీదా చేత్తో గంజి బొమ్మ వేయడానికే రోజులు పడుతుంది.

ఈ తెల్లబట్ట ఎక్కడినుంచి వచ్చేది? ఇంతకుముందు చేత్తో వడికి నేసిన మందపు బట్ట మీద అద్దేవాళ్ళు. ఇంగ్లండ్ మిల్లుల సన్నటి షర్టింగ్ బట్ట ఓడల్లో దిగడం మొదలయ్యాక దాని మీద గీత బాగా పడుతోందని అడిరె ఊపందుకుంది. 1920ల నాటికి అబియోకుటా బట్టల కోసం గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘానా) నుంచి, సెనెగల్ నుంచి కొనేవాళ్ళు వచ్చేవాళ్ళు. కానీ ఆ షర్టింగ్ అమ్మేది యూరప్ కంపెనీలు, అదీ అరువు మీద. కంపెనీ నుంచి వ్యాపారికి, వ్యాపారి నుంచి అద్దే ఆవిడకి, అన్నీ అప్పు మీదే నడిచేవి. 1930ల్లో ప్రపంచమంతా ధరలు పడిపోయి కోకో రైతు చేతిలో డబ్బు లేకపోయేసరికి కొనేవాళ్ళు తగ్గారు, అద్దే ఆవిడ మీద అప్పు మాత్రం తగ్గలేదు. అప్పటికే రెడీమేడ్ నీలిమందు, కాస్టిక్ సోడా బజారులో దొరుకుతున్నాయి. వారం పులియబెట్టే పని గంటల్లో అయిపోతుంటే అప్పులో ఉన్న మనిషి అటే వెళ్తుంది కదా. బట్టలు చిరుగుతున్నాయని, రంగు పోతోందని ఫిర్యాదులు వచ్చాయి. అబియోకుటాలోని ఎగ్బా వాళ్ళ రాజు (ఆ రాజుని అలాకే అంటారు) వాటి వాడకాన్ని నిషేధించారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు, అర్జీలు పెట్టారు, లాయర్లని పెట్టుకున్నారు, 1936లో దాని మీద విచారణ సంఘం కూర్చుంది. పై నుంచి చూసినవాళ్ళకి అది నాణ్యత సమస్య. ఆ ఆడవాళ్ళకి అది అప్పు సమస్య, బట్ట ధర సమస్య.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సహజ రంగులే వాడాలని బయటినుంచి వచ్చి చెప్పడం వాళ్ళకి కొత్త కాదు. వాళ్ళు నోరులేని వాళ్ళు కూడా కాదు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మగవాళ్ళతో సంబంధం లేకుండా విడిగా పన్ను కట్టేవాళ్ళు, ఆ పన్ను మీదే ఫన్మిలాయో రాన్సమ్-కూటి నాయకత్వంలో 1940ల చివర్లో వేలమంది బజారు స్త్రీలు కదిలితే 1949 జనవరిలో అలాకే సింహాసనం దిగాల్సి వచ్చింది. అలాంటి ఊరికి మీరు వెళ్తున్నారు. కాబట్టి మొదటి సమావేశంలో మీరు మాట్లాడకండి, వాళ్ళని మాట్లాడనివ్వండి.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, అబియోకుటా ఇటోకు మార్కెట్‌లో మీరు చూసిన రంగురంగుల బట్టల్లో ఎక్కువ భాగం కొవ్వొత్తి మైనం కరిగించి స్పాంజి అచ్చులతో వేసి, వ్యాట్ రంగులు (నీలిమందులా నేరుగా నీళ్ళలో కరగని రంగులు), కాస్టిక్, హైడ్రోస్ కలిపిన తొట్లలో అద్దినవి. మన దగ్గర కూడా అద్దకందారులు సోడియం హైడ్రోసల్ఫైట్‌ని హైడ్రోస్ అనే అంటారు కదా, అదే. ఆ పనిలో ఆడవాళ్ళు మూడు నాలుగు మెట్లలో ఉంటారు. పైన సొంత బట్ట కొని, అద్దించి, దుకాణంలో అమ్మే ఆవిడ. ఆమె కింద తొట్లు ఉన్న ఆవిడ, ఈమె వేరేవాళ్ళ బట్ట అద్దిపెట్టి ముక్కకి ఇంత అని తీసుకుంటుంది. ఆమె దగ్గర మైనం వేసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, ఉతికేవాళ్ళు. అందరికంటే కింద పని నేర్చుకుంటున్న అమ్మాయిలు.

మీకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మాస్టర్ వీవర్ నూలు ఇస్తే కూలికి నేసే మగ్గం ఎలా ఉంటుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. చీర ఎంతకి అమ్ముడుపోయినా ఆ మగ్గం మీద కూర్చున్న మనిషికి వచ్చేది మారదు. అద్దకంలోనూ అంతే. తయారైన అడిరె ధరలో తెల్లబట్టదే పెద్ద వాటా, ఆ తర్వాత రసాయనాలు. కూలికి అద్దే ఆవిడకి అమ్మకం లాభంలో భాగం ఉండదు, పైగా మైనం చెదిరి బట్ట పాడైతే నష్టం ఆమె మీద వేస్తారు.

మాలీ రాజధాని బమాకోలో ఇదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. అక్కడ బజాన్ అంటే నేతలోనే పువ్వులు, గీతలు తేలిన మెరిసే నూలు బట్ట. మంచి రకం ఆస్ట్రియా నుంచీ జర్మనీ నుంచీ తెల్లగా వస్తుంది, బమాకోలో పెరట్లలో ఆడవాళ్ళు దాన్ని అద్దుతారు. సోనింకే ఆడవాళ్ళకి నీలి అద్దకంలో తరాల పేరుంది, ఆ చేతులే ఇప్పుడు అన్ని రంగుల్లోకీ వచ్చాయి. అద్దాక గంజి పెట్టి, ఆరబెట్టి, కుర్రాళ్ళు ఎదురెదురుగా కూర్చుని బరువైన కొయ్య సుత్తులతో కొడతారు, గాజులా మెరుపు వస్తుంది. చుట్టుపక్కల దేశాలకీ, పారిస్‌లో ఉండే మాలీ కుటుంబాలకీ వెళ్తుంది. రంజాన్, బక్రీద్‌కి ముందు రాత్రీ పగలూ పని ఉంటుంది, వానాకాలం బట్ట ఆరక, కొనేవాళ్ళు రాక సగం తొట్లు ఖాళీ. అంటే ఏడాదంతా సమానంగా వచ్చే ఆదాయం కాదు, పండగలకి వచ్చినదాన్ని వానల్లో తినాలి. అందుకే అక్కడ తోంతిన్ అనే పొదుపు గుంపులు, యోరుబా వాళ్ళ దగ్గర ఎసూసు, ఇవి లేకుండా ఈ పని నడవదు. వంతులవారీగా ఒక్కొక్కరికీ మొత్తం డబ్బు అందుతుంది, ఆ డబ్బుతో బట్ట కొనుక్కున్న నెల ఆ ఆవిడ కూలి మనిషి కాదు, యజమాని. మీరు సాయం చేయదలుచుకుంటే చేయి వేయాల్సిన చోటు ఇదే అని నా నమ్మకం.

బోగోలాన్, అంటే బురదతో బొమ్మలు వేసే బట్ట గురించి కూడా అడిగారు. అది మాలీ పల్లెల పని. మగవాళ్ళు నేసిన పట్టీలు కలిపి కుట్టిన బట్టని న్‌గలమా ఆకుల రసంలో ముంచితే పసుపు వస్తుంది. ఆ చెట్టు మన అడవుల్లో ఉండే చిరుమానుకి దగ్గరి చుట్టం. దాని మీద కుండలో చాలాకాలం మాగబెట్టిన చెరువు బురదతో ఆడవాళ్ళు బొమ్మలు వేస్తారు, ఆకులోని వగరుకీ బురదలోని ఇనుముకీ కలిసి నలుపు దిగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పెట్టిన బట్ట మీద ఇనుము, బెల్లం నీళ్ళు పులియబెట్టిన కసిం గీస్తే నలుపు వచ్చేదీ సరిగ్గా ఈ కారణంతోనే, రెండు ఖండాల్లో ఇద్దరూ ఎవరికి వాళ్ళు కనిపెట్టుకున్నారు. డిజైనర్ క్రిస్ సేదూ దాన్ని ఫ్యాషన్ బట్టగా చేశాక నగరాల్లో గిరాకీ వచ్చింది, గిరాకీతో పాటు కుర్రాళ్ళు వచ్చారు, అచ్చులు వచ్చాయి, పల్లెలో ఓపిగ్గా గీసే పెద్దావిడకి అందులో పెద్దగా ఏమీ దక్కలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండే విషయం ఇది.

సహజ రంగుల సంగతి సూటిగా చెప్తాను. 1897 నుంచి బజారులో ఉన్న కృత్రిమ నీలిమందుకీ ఆకు నీలిమందుకీ రంగు అణువు ఒకటే. అసలు నీలం, దొంగ నీలం అని వాళ్ళని తక్కువ చేసి మాట్లాడే కొనుగోలుదారుల మాట నమ్మకండి. తేడా అంతా ఆ రంగుని నీళ్ళలో కరిగించడానికి ఏం వాడుతున్నామన్న దగ్గర ఉంది. కాస్టిక్, హైడ్రోస్ తొట్టి తొందరగా అవుతుంది, కానీ చేతులు కాల్చేది, ఊపిరి ఆడకుండా చేసేది, మురుగుని పాడుచేసేది అదే. ఎలు ఆకుతో పులియబెట్టే బాన మంచిదే, కానీ ఆకు సేకరించాలి, ఉండలు కట్టేవాళ్ళు కావాలి, వారం ఆగాలి, కొన్నిసార్లు బాన పాడవుతుంది, ఆ వారం కూలి ఎవరిస్తారు? ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళు ముందే ఒప్పుకుంటే తప్ప బజారు అడిరె అమ్మే ఆవిడని ఆ పనిలోకి దించడం అన్యాయం.

మధ్యదారి ఒకటి ఉంది. ఒక పాలు నీలిమందు, రెండు పాళ్ళు సున్నం, మూడు పాళ్ళు ఫ్రక్టోజ్, బరువు ప్రకారం, వేడి నీళ్ళలో కలిపితే హైడ్రోస్ అవసరం లేకుండా తొట్టి తయారవుతుంది. ఫ్రక్టోజ్ బదులు బెల్లం గానీ బాగా పండిన పళ్ళు గానీ వాడతారు, కొలతలు మాత్రం మారతాయి, నెమ్మదిగానూ అవుతుంది. నీలానికి మాత్రమే పనికొస్తుంది, ఎరుపులూ పసుపులూ దీంతో రావు. గంజి ఎలెకో బట్టలకి వేడి చల్లారాకే ముంచాలి, లేదంటే గంజి కరిగి బొమ్మ పోతుంది. మీ ఊరి తరఫున ఏదైనా నేర్పాలని గట్టిగా ఉంటే ఇది చూపించండి, నచ్చితే వాళ్ళే పట్టుకుంటారు.

ఆరోగ్యం గురించి మాత్రం బేరం ఆడకండి. కాస్టిక్‌ని ఎప్పుడూ నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు, ఎగజిమ్మి కళ్ళలో పడుతుంది. కలిపిన కాస్టిక్ నీళ్ళు కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెరట్లో పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది, పిల్లలు తాగి గొంతు, అన్నవాహిక కాలిపోయిన కేసులు పశ్చిమ ఆఫ్రికా ఆసుపత్రుల్లో డాక్టర్లకి బాగా తెలిసినవే. మూత గట్టిగా పడే, రంగు వేరుగా ఉండే పెద్ద డబ్బాలు కొనివ్వండి, చాలా చిన్న ఖర్చు, నా దృష్టిలో శిక్షణ కంటే విలువైనది. హైడ్రోస్ తేమ తగిలితే వేడెక్కి అంటుకుంటుంది, దాన్ని వంటగదిలోనో పడకగదిలోనో పెట్టుకోనివ్వకండి. గ్లవ్స్ మోచేతి దాకా వచ్చే మందపు రబ్బరువి కావాలి. పల్చటివి ఇస్తే రెండో రోజుకి చిరుగుతాయి, లోపలికి కాస్టిక్ దిగి, అసలు గ్లవ్స్ లేనప్పటికంటే ఎక్కువ కాల్తుంది. తొట్టి నీళ్ళు బావి వైపో వాగు వైపో వదలకుండా కనీసం ఒక గుంటలో నిలబెట్టి క్షారం తగ్గించాకే వదలాలి, బమాకోలో ఆ నీళ్ళు చాలాభాగం చివరికి నైజర్ నదిలోకే చేరుతున్నాయి.

ఇంకో పెద్ద టెన్షన్ నకలు బట్ట. అడిరె బొమ్మల్ని మిల్లులో అచ్చేసిన చైనా బట్ట అబియోకుటా మార్కెట్లలోనే అమ్ముతున్నారు, చేత్తో చేసినదాని ధరకి చాలా తక్కువకి. కొనేటప్పుడు ఇలా చూడండి: చేత్తో చేసిన ఎలెకోలో గంజి ఒక వైపే పడుతుంది కాబట్టి వెనక వైపు బొమ్మ మసకగా, నీలంగా ఉంటుంది. అలాబెరెలో సూది చిల్లులు కనిపిస్తాయి. ఒకే బొమ్మ పదిచోట్ల ఉంటే పదీ కొద్దికొద్దిగా వేరుగా ఉంటాయి. మిల్లు బట్టలో అన్నీ ఒకేలా ఉంటాయి.

మరి ఏం చేయాలి అంటే, ముందు కూలికి అద్దే ఆవిడ ఒకరితో కూర్చుని ఒక వారం లెక్క రాయండి: బట్ట ఎవరిది, మైనం, రంగు, హైడ్రోస్, కట్టెలు, నీళ్ళు, ఆటో, సాయం చేసిన అమ్మాయికి ఇచ్చింది, పాడైన ముక్క, చివరికి ఆమెకి మిగిలింది. ఆ తర్వాత మీ దగ్గర ఉన్న డబ్బుతో కేంద్రానికి అద్దె కట్టకుండా, వాళ్ళ పొదుపు గుంపు ఒప్పుకుంటే గుంపు పేరు మీద తెల్లబట్ట టోకున కొని పెట్టండి. బట్ట తీసుకున్న ఆవిడ అమ్మాక తిరిగి కడుతుంది. పండగకి మూడు నెలల ముందు ఇవ్వండి, వానల్లో ఇచ్చి వాయిదాలు అడగకండి. పెళ్ళిళ్ళకి చుట్టాలంతా ఒకే బట్ట కట్టుకునే అసో ఎబి ఆర్డర్లు లాగోస్‌లో మీ పరిచయస్తుల ద్వారా తేగలిగితే అంతకంటే మేలు లేదు, ఎందుకంటే అక్కడ సగం డబ్బు ముందే చేతికొస్తుంది. అమ్మాయిలకి పూర్తిగా నేర్పే చోటు కావాలంటే నికే డేవిస్-ఒకుండాయె 1983లో ఒషోగ్బోలో పెట్టిన కేంద్రం ఉంది, ఉచితంగా నేర్పుతూ వస్తున్నారు. ఆవిడ కూడా ఇంట్లో పెద్దావిడ దగ్గర నేర్చుకున్న మనిషే. ఒకసారి వెళ్ళి చూసి రండి.

చివరగా చీరాల బట్ట. మీ ప్రాంతానికి ఆ దేశంతో పాత లావాదేవీ ఉందని మీకు తెలిసే ఉంటుంది. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ పేరుతో చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ బట్ట నైజీరియా దక్షిణాన నైజర్ డెల్టాలో ఉండే కలబారి జాతి వాళ్ళకి వెళ్ళేది, వాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు. అక్కడి ఆడవాళ్ళు ఆ గళ్ళలో కొన్ని పోగులు బ్లేడుతో కోసి లాగేసి కొత్త బొమ్మలు తేలేలా చేస్తారు, పెళ్ళిళ్ళలో చావుల్లో అది లేకుండా జరగదు. కాబట్టి మీ బట్ట అక్కడ పరాయిది కాదు. కానీ నైజీరియాలో బట్టల దిగుమతి నియమాలు కట్టడితో ఉంటాయి, మారుతూ ఉంటాయి, కంటైనర్ మాట ఎత్తేముందు లాగోస్‌లో క్లియరింగ్ ఏజెంట్‌తో మాట్లాడండి. ముందు ఎవరైనా వస్తున్నప్పుడు పది గజాలు నమూనాకి తెప్పించండి. అద్దేముందు మగ్గం గంజి పూర్తిగా వదిలించాలి, రాత్రంతా నానబెట్టి, సోడా సబ్బు వేసి ఉడికించి, ఒక నీళ్ళచుక్క వేస్తే వెంటనే పీల్చుకుంటోందా చూడండి. చుక్క నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టే, మళ్ళీ ఉడికించండి, అలాగే ముంచితే నీలం మచ్చలు మచ్చలుగా పడుతుంది.